అమెరికాలో ఇల్లు, జాతి వివక్ష: మనవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

ఇళ్ల అద్దె, అమ్మకాల్లో జరిగే వివక్షపై ఫిర్యాదులు తీసుకుని నిజానిజాలు తేల్చే ఒక స్వచ్ఛంద సంస్థలో, న్యూజెర్సీలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి నల్లజాతివారు, లాటినోలు ఎక్కువగా వస్తారు. తెలుగువారు రావడం బాగా అరుదు. జరిగినదాన్ని వివక్షగా గుర్తించరు, గుర్తించినా "మనకెందుకొచ్చిన గొడవ" అని ఊరుకుంటారు. ఇంకా బాధ కలిగించే సంగతి, సొంత ఇల్లు కొని అద్దెకిచ్చే స్థాయికి వచ్చాక అదే వివక్షను మనవాళ్లు కొందరు ఇతరులపై చూపడం.

అపోహ: వివక్ష ఉంటే మాటలోనే తెలిసిపోతుంది.

వాస్తవం: 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పటి నుంచి, జాతి విద్వేషం అనగానే మన ఇళ్లలో ఆ సంఘటనే గుర్తుకొస్తుంది. ఆ భయానికి కారణం ఉంది. కానీ ఇళ్ల విషయంలో వివక్ష చాలా మర్యాదగా నడుస్తుంది. "అయ్యో, ఆ ఫ్లాటు నిన్ననే ఖరారైంది" అంటారు. కూర్చోమంటారు, మంచినీళ్లిస్తారు, ఒక్క ఇల్లు చూపించి పంపేస్తారు. మీ తర్వాత వచ్చిన తెల్లజాతి దంపతులకు మూడు చూపిస్తారు. ఆ రెండో సంభాషణ మీరు వినరు కాబట్టి మీకు జరిగిన అన్యాయం మీకే తెలియదు.

దాన్ని తెలుసుకోవడానికే మేం జంట పరీక్షలు చేస్తాం. జీతం, ఉద్యోగం, క్రెడిట్ స్కోరు, కుటుంబ సభ్యుల సంఖ్య దాదాపు ఒకేలా చెప్పుకొనేలా ఇద్దరిని సిద్ధం చేస్తాం. వీళ్లనే టెస్టర్లు అంటాం. తేడా జాతి ఒక్కటే. కొద్దిపాటి వ్యవధిలో ఇద్దరూ విడివిడిగా ఒకే కార్యాలయానికి వెళతారు. బయటికి రాగానే ఎవరి నివేదిక వారు రాస్తారు: ఎంతసేపు ఆగమన్నారు, ఎన్ని ఇళ్లు చూపారు, డిపాజిట్ ఎంత చెప్పారు, దరఖాస్తు వాళ్లే ఇచ్చారా లేక అడిగితే ఇచ్చారా, తర్వాత ఫోను చేశారా. "నన్ను చిన్నచూపు చూసినట్టు అనిపించింది" అని రాస్తే కొట్టేస్తాం. ఏం జరిగిందో, ఏ మాట అన్నారో అదే ఉండాలి. ఒకరి అనుభవం రెండోవారికి తెలియనివ్వం.

ఈ పద్ధతికి అమెరికా సుప్రీంకోర్టు ఆమోదం ఉంది. వర్జీనియాలోని రిచ్‌మండ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో నల్లజాతి టెస్టరుకు ఖాళీల్లేవన్నారు, తెల్లజాతి టెస్టరుకు ఉన్నాయన్నారు. 1982లో హేవెన్స్ రియాల్టీ కేసులో తీర్పు స్పష్టంగా వచ్చింది: అద్దెకు దిగే ఉద్దేశం లేకపోయినా సరే, అబద్ధం చెప్పించుకున్న టెస్టరు దావా వేయవచ్చు.

అపోహ: ఇదంతా నల్లవారి సమస్య. చదువు, జీతం ఉన్న మనకు రాదు.

వాస్తవం: అమెరికా గృహనిర్మాణ శాఖ 2012లో దేశవ్యాప్తంగా ఇలాంటి పరీక్షలే చేయించింది. ఇల్లు కొనడానికి వెళ్లిన నల్లజాతివారికి తెల్లవారికన్నా 17.7 శాతం తక్కువ ఇళ్లు చూపించారు. ఆసియావారికి చూపించినవి 18.8 శాతం తక్కువ. చదువు, జీతం సమానంగా ఉన్నట్టు చెప్పుకొన్నా వచ్చిన తేడా ఇది.

వెనక్కి వెళితే ఇంకా ఘోరం. 1915లో పెషావర్ నుంచి వచ్చిన బగాయ్ కుటుంబం కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఇల్లు కొని సామాన్లతో వెళితే, ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు 'తెల్లవారు' కారని, పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. వైష్ణో దాస్ బగాయ్‌కి అప్పటికే వచ్చిన పౌరసత్వం పోయింది. బర్క్‌లీలో ఈరోజు ఒక వీధికి ఆయన భార్య కళా బగాయ్ పేరుంది. 1946 చట్టం పౌరసత్వానికి దారి తెరిచింది కానీ భారతీయుల వలసకు ఏటా 100 మంది కోటా పెట్టింది. ఆ గోడ కూలింది 1965లో. నల్లజాతివారు లాఠీదెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించిన పౌరహక్కుల చట్టం మరుసటి ఏడాదే, ఆ ఊపులోనే కొత్త వలస చట్టం వచ్చింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రాగలిగింది ఆ తర్వాతే. ఈ సంగతి తెలియకుండా నల్లవారి గురించి మన విందుల్లో దొర్లే మాటలు వింటే నాకు కడుపు మండిపోతుంది.

అపోహ: నల్లవారి పేటలు వాళ్ల నిర్లక్ష్యం వల్లే అలా అయ్యాయి.

వాస్తవం: 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీయించి పేటలకు రంగులు వేసింది. అప్పు ఇవ్వడానికి ఆకుపచ్చ మంచిది, ఎరుపు ప్రమాదకరం. నల్లజాతి కుటుంబాలుంటే సాధారణంగా ఎరుపే. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తెల్లవారి శివారు కాలనీలకు రుణ బీమా ఇచ్చి, నల్లవారి పేటలకు నిరాకరించింది. అప్పు పుట్టని చోట ఇంటికి మరమ్మతు ఉండదు, ధర పెరగదు, పిల్లలకు మిగిలే ఆస్తి ఉండదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక, సరిగ్గా వారానికి, 11న, ఇళ్ల అమ్మకం, అద్దెల్లో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టంపై సంతకం పడింది. అప్పటికి రెండు తరాల ఆస్తి పోయింది. "ఆ ఏరియాలో ఎవరుంటారు?" అని ఏజెంటును అడక్కండి. జాతిని బట్టి కొనుగోలుదారులను ఒక పేటవైపు మళ్లించడం నేరుగా చట్ట ఉల్లంఘన.

అపోహ: నా ఇల్లు, నా ఇష్టం. "తెలుగు కుటుంబాలకు మాత్రమే" అని రాసుకోవచ్చు.

వాస్తవం: రాయకూడదు. యజమాని తానూ అందులోనే ఉంటూ, నాలుగు వాటాలకు మించని ఇంటికి ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉన్నా, ప్రకటనకు మాత్రం లేదు. జాతి కారణంగా నిరాకరించడానికైతే 1866 నాటి పౌరహక్కుల చట్టం ఏ ఇంటికీ మినహాయింపు ఇవ్వదు. "నల్లవాళ్లను తీసుకురావద్దు" అని ఏజెంటు చెవిలో చెబితే, పాటించిన ఏజెంటూ బాధ్యుడే. "పిల్లలు లేనివారికే" అన్నదీ, వృద్ధుల గృహ సముదాయాలు మినహా, 1988 నుంచి నిషిద్ధం. శాకాహారం ఫెడరల్ చట్టం జాబితాలో లేదు. కానీ దాన్ని సాకుగా పెట్టి మతాన్నో జాతినో వడగడితే చిక్కుల్లో పడతారు.

కులం సంగతీ చెప్పాలి. ఇల్లు చూడటానికి వచ్చిన కుర్రాణ్ని "ఇంటిపేరు ఏమిటి బాబూ, ఏ ఊరు, అక్కడ ఏ వీధి?" అని ఎందుకు అడుగుతారో అడిగేవారికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. వివక్షను నిషేధించే నిబంధనల్లో కులాన్ని పేరుపెట్టి చేర్చిన మొదటి అమెరికా నగరం సియాటిల్, 2023 ఫిబ్రవరిలో. అదే ఏడాది కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ తిప్పి పంపారు. అయితే ఉన్న చట్టాలే కుల వివక్షను నిషేధిస్తున్నాయన్నది ఆయన చెప్పిన కారణం.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లు ఫిర్యాదు చేయకూడదు.

వాస్తవం: ఫెయిర్ హౌసింగ్ చట్టానికి మీ వీసాతో పని లేదు. గృహనిర్మాణ శాఖకు ఫిర్యాదు చేయడానికి ఏడాది, కోర్టుకు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. ఆ శాఖకు చేసే ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరూ అవసరం లేదు. ఫిర్యాదు చేశారన్న కక్షతో లీజు రద్దు చేస్తే అది మరో ఉల్లంఘన. ప్రకటన ఫొటో, మెసేజిలు, మాట్లాడినవారి పేరు, తేదీ, సమయం దాచుకోండి. అనుమానం వస్తే అదే రోజు మీ ప్రాంతంలోని ఫెయిర్ హౌసింగ్ సంస్థకు ఫోను చేయండి. ఆ ఇల్లు ఇంకా ఖాళీగా ఉంటేనే టెస్టర్లను పంపడం కుదురుతుంది.