మెయిన్ కంటే ముందే క్రాష్ అయితే: అపోహలు - వాస్తవాలు

"సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్‌లో మెయిన్ ఫంక్షన్ మొదటి లైన్లో బ్రేక్‌పాయింట్ (డీబగ్గర్ ఆగాల్సిన గుర్తు) పెట్టాను. అక్కడిదాకా రాకుండానే ప్రోగ్రామ్ చచ్చిపోతోంది. కంపైలర్ పాడైందా?" టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటారు. పాపం, అప్పటికే ఎవరి మాటో విని కంపైలర్ రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. టెన్షన్ వద్దు, కంపైలర్‌కి ఏమీ కాలేదు.

అపోహ: సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ మెయిన్‌తోనే మొదలవుతుంది.

వాస్తవం: ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే లినక్స్ కెర్నల్‌కి మెయిన్ అనే పేరే తెలియదు. ఈఎల్‌ఎఫ్ (లినక్స్‌లో నడిచే ప్రోగ్రామ్ ఫైళ్ల ఫార్మాట్) ఫైల్ హెడర్‌లో ఎంట్రీ పాయింట్ అడ్రస్ ఒకటి ఉంటుంది. మామూలుగా అది 'అండర్‌స్కోర్ స్టార్ట్' అనే చిన్న అసెంబ్లీ ముక్కది. మీరు రాసింది కాదు, లింక్ చేసేటప్పుడు వచ్చి కలుస్తుంది. డైనమిక్‌గా లింక్ చేసిన ప్రోగ్రామ్‌లో దానికన్నా ముందు డైనమిక్ లోడర్ నడిచి షేర్డ్ లైబ్రరీలను తెస్తుంది. ఆ తర్వాత గ్లోబల్ ఆబ్జెక్టుల (ఫంక్షన్ల బయట రాసినవి) కన్‌స్ట్రక్టర్లు, అంటే వాటిని తయారుచేసే ఫంక్షన్లు, నడుస్తాయి. మెయిన్ వంతు అప్పుడు గానీ రాదు.

చాలామంది దెబ్బతినేది ఆ కన్‌స్ట్రక్టర్ల దగ్గరే. ఒకే ఫైల్లో ఉన్న గ్లోబల్స్ రాసిన వరుసలోనే తయారవుతాయి. వేర్వేరు ఫైళ్లలో ఉంటే ఏది ముందో భాష హామీ ఇవ్వదు. నేనూ ఒకప్పుడు ఒక ఫైల్లో గ్లోబల్ లాగర్ (ప్రోగ్రామ్ ఏం చేస్తోందో రాసిపెట్టేది) పెట్టి, ఇంకో ఫైల్లోని గ్లోబల్ కన్‌స్ట్రక్టర్ నుంచి దాన్ని వాడాను. నెలల తరబడి బాగానే నడిచింది. ఎవరో బిల్డ్‌లో ఫైళ్ల వరుస మార్చారు, అంతే, క్రాష్. ఇంకా పుట్టని లాగర్‌తో లాగ్ రాయిస్తున్నానని తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మెయిన్‌లోనే వెతికాను మరి!

ఇలాంటప్పుడు జీడీబీ అనే డీబగ్గర్‌లో 'రన్' బదులు 'స్టార్ట్‌ఐ' కొట్టండి, మొట్టమొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆగుతుంది. అక్కణ్ణుంచి కంటిన్యూ చేసి, క్రాష్ అయ్యాక బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) చూస్తే ఏ కన్‌స్ట్రక్టరో తెలిసిపోతుంది. పరిష్కారం కూడా సులువే: ఆ గ్లోబల్‌ని ఒక ఫంక్షన్ లోపల స్టాటిక్‌గా పెట్టి, ఆ ఫంక్షన్ ద్వారానే వాడండి. మొదటిసారి పిలిచినప్పుడు తయారవుతుంది. సీ ప్లస్ ప్లస్ 11 నుంచి ఒకేసారి రెండు థ్రెడ్లు పిలిచినా ఆ తయారీలో గొడవ లేదు.

మిగతావి చకచకా. మెయిన్ ఫైల్లో ఎక్కడున్నా ఫర్వాలేదు, చివర్లోనే ఉండాలన్నది ఒట్టి పుకారు. మెయిన్ దొరకలేదన్న ఎర్రర్ ఇచ్చేది కంపైలర్ కాదు, కంపైల్ అయిన ముక్కలను కలిపే లింకర్. సాధారణంగా ఆ ఫైల్‌ని బిల్డ్‌లో కలపడం మరిచిపోయి ఉంటారు. ఇక మెయిన్ రిటర్న్ చేసే విలువ ఎవరికీ పట్టదనేవాళ్లు ఉన్నారు. మన కమాండ్లు నడిపే షెల్‌కి పడుతుంది, అదీ చివరి 8 బిట్లే. అందుకే తప్పుల సంఖ్యను రిటర్న్ చేసే టెస్ట్ ప్రోగ్రామ్ సరిగ్గా 256 తప్పులు దొరికిన రోజున సున్నా (అంటే అంతా బాగుందని) చూపించి పాస్ అయిపోతుంది.