జపాన్ ఎలిమెంటరీ బడుల్లో వేధింపుల లెక్క: మలుపు 2006లో ఉంది

జపాన్ విద్యాశాఖ ఏటా అక్టోబరులో బడి పిల్లల మీద ఒక సర్వే విడుదల చేస్తుంది. ఏటా అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. 2024 అక్టోబరు చివర్లో వచ్చిన సర్వే ప్రకారం, అంతకుముందు విద్యా సంవత్సరంలో పిల్లలు తోటి పిల్లల్ని వేధించిన కేసులు 7,32,568. అప్పటిదాకా అంత పెద్ద సంఖ్య ఎప్పుడూ రాలేదు. అందులో 5,88,930 ఎలిమెంటరీ బడులవే, అంటే ఒకటి నుంచి ఆరో తరగతి దాకా చదివే పిల్లలవి. పిల్లలు చెడిపోతున్నారని కొందరు బెంగపడ్డారు. చిన్న మాటను కూడా కేసు చేస్తే లెక్క పెరగక ఏమవుతుందని ఇంకొందరు విసుక్కున్నారు. వేధింపు అంటే ఏమిటో చెప్పే నిర్వచనాన్నే కుదించాలన్న డిమాండు ఈ రెండో మాటలోంచే వస్తోంది.

జపాన్‌లో ‘ఇజిమే’ (తోటి పిల్లల్ని వేధించడానికి అక్కడి మాట) మీద చర్చ 1980ల నుంచీ ఉంది. 2011లో ఓట్సు నగరంలో వేధింపులకు గురైన 13 ఏళ్ల కుర్రాడు చనిపోవడం, దేశమంతా అట్టుడికిపోవడం, 2013లో ప్రత్యేక చట్టం రావడం చాలామంది చదివిందే. కానీ ఈ రోజు వాదనంతా నడుస్తున్న నిర్వచనం అంతకు ఏడేళ్ల ముందే మారింది. అది మారడానికి కారణం ఒక ఆరో తరగతి పాప.

ఉత్తరాన హొక్కైడోలో తకికావా అనే చిన్న ఊరు. 2005 సెప్టెంబరులో ఆ పాప తన తరగతి గదిలోనే ప్రాణం తీసుకోబోయింది. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి 2006 జనవరిలో చనిపోయింది. ఏడు ఉత్తరాలు రాసిపెట్టి వెళ్లింది. మూడో తరగతి నుంచే తనను దూరం పెడుతున్నారని అందులో ఉంది. తరగతిలో సీట్లు మార్చినప్పుడు ఆమె పక్కన కూర్చోవాల్సి వచ్చిన అబ్బాయిని చూసి మిగతా పిల్లలు ‘అయ్యో పాపం’ అన్నారు. స్కూల్ టూరుకు గదులు పంచుకునేటప్పుడు ఏ గుంపూ ఆమెను కలుపుకోలేదు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, డబ్బు లాక్కోలేదు. టీచరు ఆ మాటలు వినివున్నా, పిల్లల గోలలే అని తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయే రకం అవి.

ఊరి విద్యా బోర్డు కూడా అదే వరసలో వెళ్లింది. ఉత్తరాలు చేతిలో పెట్టుకుని కూడా ఏడాది పైగా ఇది వేధింపు అని ఒప్పుకోలేదు. 2006 అక్టోబరులో ఉత్తరాల సంగతి పత్రికల్లోకి ఎక్కి, దేశమంతా తిట్టిపోశాక గానీ ఒప్పుకోలేదు. కుటుంబం కోర్టుకెళ్లింది. 2010లో రాజీ కుదిరి, అధికారులు క్షమాపణ చెప్పారు.

ఆ గొడవలోనే ఇంకో నిజం బయటపడింది. 1999 నుంచి 2005 దాకా ఏడేళ్లపాటు, వేధింపుల వల్ల ఒక్క విద్యార్థి కూడా ఆత్మహత్య చేసుకోలేదని సర్కారు లెక్కల్లో ఉంది. ఏటా సున్నా. కింద బడి ‘మా దగ్గర లేదు’ అని రాస్తే బోర్డు దాన్నే పైకి పంపింది, విద్యాశాఖ దాన్నే కూడి అచ్చేసింది.

అప్పటి నిర్వచనం ఆ సున్నాకు బాగా అక్కరకొచ్చింది. వేధింపు అనిపించుకోవాలంటే తనకన్నా బలహీనుడి మీద, ఏకపక్షంగా, పదేపదే దాడి జరగాలి. బాధ తీవ్రంగా ఉండాలి. 1994 దాకా అయితే బడి స్వయంగా నిర్ధారించాలన్న షరతు కూడా ఉండేది. ఇలా ఎన్ని షరతులుంటే, ‘ఇది వేధింపు కాదు’ అనడానికి హెడ్మాస్టరు దగ్గర అన్ని దార్లున్నట్టే. ఒక్కసారే జరిగిందిగా అనొచ్చు. ఆ పిల్ల కూడా ఎదురు తిట్టిందిగా అనొచ్చు. తకికావా పాప విషయంలో ‘పదేపదే దాడి’ ఎక్కడుందో చూపించమంటే ఏం చూపిస్తారు? సీట్లు మార్చిన రోజునా, గదులు పంచుకున్న రోజునా?

2006లో విద్యాశాఖ ఆ షరతులు తీసేసింది. తెలిసినవాళ్లు మాటతోనో చేతతోనో చేసిన దాడి వల్ల ఆ పిల్లకో పిల్లాడికో మనసు కష్టపడితే చాలు, అది వేధింపే. చూడాల్సింది బాధపడ్డ పిల్లల వైపు నుంచి. పట్టికలో ‘జరిగిన’ కేసులు అని ఉన్నచోట ‘గుర్తించిన’ కేసులు అని మార్చారు. ఒక్క ఏడాదిలో దేశం మొత్తం లెక్క 20,143 నుంచి 1,24,898కి వెళ్లింది. ఎలిమెంటరీ బడుల్లో అయితే 5,087 నుంచి 60,897కి, దాదాపు పన్నెండు రెట్లు. చిన్నపిల్లలు ఒక్క ఏడాదిలో పన్నెండు రెట్లు క్రూరంగా మారిపోరు. పెద్దవాళ్లు చూడటం మొదలుపెట్టారు, అంతే.

2013 చట్టం ఈ నిర్వచనాన్నే తీసుకుని, ‘దాడి’ అన్న మాటను కూడా వదిలేసి, ఇంటర్నెట్‌లో జరిగేవాటినీ కలిపింది. ప్రతి బడిలో ఒక బృందం ఉండాలంది. ప్రాణానికో, మనసుకో, ఆస్తికో పెద్ద దెబ్బ తగిలినా, పిల్లలు చాలా రోజులు బడి మానేసినా ‘తీవ్ర ఘటన’గా విచారించాలంది. బడి పట్టించుకోకపోతే మాత్రం శిక్ష ఏమీ లేదు.

కాగితం మీద పోయిన షరతులు బుర్రల్లోంచి పోలేదు. 2011 అణు ప్రమాదం తర్వాత ఫుకుషిమా నుంచి యొకొహామాకు వచ్చి రెండో తరగతిలో చేరిన ఒక అబ్బాయిని తోటి పిల్లలు ‘క్రిమి’ అని పిలిచారు. ఐదో తరగతికి వచ్చేసరికి వాళ్లతో తిరగడానికి, ఆటలకు అతని చేత మొత్తం సుమారు 15 లక్షల యెన్‌లు ఖర్చు పెట్టించారు. చనిపోవాలని చాలాసార్లు అనుకున్నానని, కానీ భూకంపంలో అంతమంది పోయారు కాబట్టి కష్టమైనా బతకాలని నిర్ణయించుకున్నానని ఆ అబ్బాయి రాసుకున్న కాగితం 2016 నవంబరులో బయటికొచ్చింది. అది చదివాక కూడా, 2017 జనవరిలో నగర విద్యాధికారి ఆ డబ్బు వ్యవహారాన్ని వేధింపుగా గుర్తించడం కష్టమన్నారు. జనం మండిపడ్డాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. 2018లో కేంద్ర పాలనా శాఖ కొన్ని బడుల్ని పరిశీలిస్తే, దాదాపు నాలుగో వంతు బడులు ‘పదేపదే జరిగిందా’ లాంటి పాత ప్రశ్నలు పెట్టుకుని కేసుల్ని వదిలేస్తున్నాయని తేలింది. చట్టం వచ్చి అప్పటికి నాలుగేళ్లు దాటింది.

నిర్వచనం తగ్గించాలనే టీచర్ల బాధ కూడా కొంత నిజమే. జపాన్ టీచర్లకు పని గంటలు ఎక్కువ. ఒక పాప అలిగిన ప్రతిసారీ రిపోర్టు రాయాలంటే టెన్షనే. నమోదైనవాటిలో ఎక్కువ భాగం ఎగతాళి, తిట్లు, బెదిరింపు మాటలేనన్నదీ నిజం. అయితే తకికావాలో జరిగింది కూడా మాటలే. పనిభారం తగ్గించడానికి ఇంకో టీచర్ను వేసుకోవచ్చు. నిర్వచనంలోంచి పిల్లల్ని తీసేయడం దానికి మందు కాదు. 2019లో చట్టాన్ని బిగించే సవరణ ఒకటి అనుకున్నారు. బడిని జవాబుదారీ చేసే కొన్ని మాటలు ముసాయిదాలోంచి మాయమయ్యాయి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ సవరణ అక్కడే ఆగింది.

లెక్క ఉబ్బిపోయిందని వాదించేవాళ్లు 2024 అక్టోబరు సర్వేలోనే ఇంకో అంకె ఉందని మర్చిపోతున్నారు. ఆ ఏడాది తీవ్ర ఘటనలు 1,306. వాటిలో మూడో వంతుకు పైగా, అంత దూరం వెళ్లేదాకా, వేధింపుగా ఎక్కడా నమోదే కాలేదు. ఏడు లక్షలకు పైగా రాసుకున్న దేశంలో, అన్నిటికన్నా ముందు రాయాల్సినవే తప్పిపోయాయి. 2024 ఆగస్టులో విద్యాశాఖ తీవ్ర ఘటనల విచారణ మార్గదర్శకాల్ని సవరించింది. పిల్లలో తల్లిదండ్రులో ఫిర్యాదు చేస్తే ‘మాకు అలా అనిపించలేదు’ అని బడి తోసిపుచ్చకూడదని, విచారణ మొదలుపెట్టాల్సిందేనని అందులో ఉంది.