మాంద్యం వస్తే ప్రభుత్వ వైద్యం ఎవరికి దూరమవుతుంది?

మాంద్యం వచ్చిన ఏడాది ప్రభుత్వాసుపత్రుల ఓపీలో పేదల వాటా పెరిగితే, అసమానత తగ్గిందని రాసేస్తుంటారు. చాలాసార్లు అది తప్పు. ఉద్యోగం పోయినవాళ్లు ఆదాయ వరుసలో ఒక్కసారిగా అడుగుకు జారతారు. నిన్నటిదాకా మధ్యతరగతి లెక్కలో ఉన్న వాళ్ల ఆసుపత్రి రాకపోకలన్నీ పేదల ఖాతాలో పడతాయి. ముందు నుంచీ పేదవాడైనవాడు డాక్టర్ని ఒక్కసారి కూడా అదనంగా చూడకపోయినా అంకె మారిపోతుంది.

వైద్యం అవసరం ఎక్కువున్న చోటే అది తక్కువగా దొరుకుతుందని, మార్కెట్‌కు వదిలేసినకొద్దీ ఈ తేడా ముదురుతుందని బ్రిటిష్ డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశారు. దాన్ని అంకెల్లో చూపడానికి తర్వాత ఆర్థికవేత్తలు కేంద్రీకరణ సూచీని, అంటే వాడకం పేదల వైపుందా డబ్బున్నవాళ్ల వైపుందా అని చెప్పే అంకెను, వాడారు. అది -1 నుంచి +1 దాకా ఉంటుంది. వాడకం పేదల వైపు మొగ్గితే మైనస్, డబ్బున్నవాళ్ల వైపు మొగ్గితే ప్లస్. అయితే పేదల్లో జబ్బులూ ఎక్కువే. అందుకే వయసు, దీర్ఘవ్యాధులు వగైరా చూసి ఎవరికి ఎంత వైద్యం అవసరమో అంచనా వేసి, ఆ అవసరపు సూచీని వాడకపు సూచీలోంచి తీసేయాలి. ఉదాహరణకు వాడకం -0.05, అవసరం -0.12 అనుకోండి. మిగిలేది +0.07. ఓపీ నిండా పేదలే కనిపిస్తున్నా, అవసరంతో పోల్చితే మొగ్గు డబ్బున్నవాళ్ల వైపే.

1980ల అప్పుల సంక్షోభంలో వర్ధమాన దేశాల ఖజానాలు ఖాళీ అయ్యాక, ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల దగ్గర ఫీజు తీసుకోవాలని 1987లో ప్రపంచ బ్యాంకు సూచించింది. పేదలకు మినహాయింపు ఇస్తే చాలనుకున్నారు. కానీ ఎవరు పేదో తేల్చే పని, ఆ ఫీజు మీదే నడిచే ఆసుపత్రి సిబ్బందికే అప్పగిస్తే మినహాయింపు కాగితం మీదే ఉండిపోతుంది. ఉగాండా 2001లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఫీజులు ఎత్తేసింది.

ఇండోనేషియా అనుభవాన్ని కాస్త నిదానంగా చూడాలి. 1997 ఆసియా సంక్షోభం తర్వాత, 1998లో అక్కడ పేద కుటుంబాలకు ఆరోగ్య కార్డులు పంచారు. ఆసుపత్రులకు డబ్బు మాత్రం కార్డుతో వచ్చిన రోగుల లెక్కన కాకుండా, ఆ ప్రాంతంలో పంచిన కార్డుల లెక్కన వెళ్లింది. కార్డుదారుణ్ని చూసినా చూడకపోయినా ఆసుపత్రికి అందేది అంతే. దాంతో చాలా కార్డులు వాడకుండానే మిగిలాయి, అదనపు నిధులతో మెరుగైన సేవల్లో పేదలు కానివాళ్లూ బాగానే లాభపడ్డారు. పేదల పేరు మీద ఇచ్చే ప్రతి పథకంలో మొదట అడగాల్సింది ఇదే: డబ్బు రోగి వెంట వెళుతోందా, కార్డు వెంటా?

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత వంతు యూరప్‌ది. గ్రీస్‌లో ఆరోగ్య బీమా ఉద్యోగానికి ముడిపడి ఉండేది. పని లేని కాలం సాగేకొద్దీ బీమా కూడా పోయింది. 2011లో ఓపీ ఫీజు 3 యూరోల నుంచి 5కి పెరిగింది. బీమా లేనివాళ్లకు ప్రభుత్వ వైద్యం మళ్లీ తెరుచుకున్నది 2016 చట్టంతో. స్పెయిన్ 2012లో చాలామంది పింఛనుదారులు మందుల ధరలో 10 శాతం కట్టాలంది, దానికి ఆదాయాన్ని బట్టి నెలవారీ పరిమితి పెట్టింది.

ఫీజు లేని చోట పేదల్ని దూరం చేసే పని క్యూ చేస్తుంది. ప్రైవేటు ఖర్చు భరించలేక మధ్యతరగతి కూడా ప్రభుత్వాసుపత్రికే వస్తుంది, అదే సమయంలో నియామకాలు ఆగిపోతాయి. రోజంతా నిలబడితే కూలి పోయేవాడు ముందుగా వరుస వదిలేస్తాడు. మినహాయింపు అడుగుదామన్నా, ఆదాయ పరీక్ష పోయిన ఏడాది పత్రాలు చూసి పెడితే, ఈ నెల పని పోయినవాడు ఆ పత్రాల్లో ఇంకా జీతగాడే.