"స్వామికే వదిలేశాను" అంటే ఏం వదిలినట్టు? శరణాగతి: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల గీత తరగతి అయిపోయాక ఒకాయన లేవకుండా వెనకే కూర్చుండిపోయారు. అందరూ వెళ్ళాక మెల్లగా నా దగ్గరికొచ్చారు. కాలికి కట్టు ఉంది. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్న మనిషి. నాలుగు నెలలుగా ఇన్సులిన్ మానేశారట. కాలి వేలికి పుండు పడి, చివరికి ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. ఎందుకు మానేశారండీ అని అడిగితే, "మామేవ యే ప్రపద్యంతే అని మీరే చెప్పారు కదా గురువుగారూ, అంతా స్వామికే వదిలేశాను" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్నే శరణు పొందినవాళ్ళు నా మాయను దాటుతారని గీతలో కృష్ణుడు చెప్పే ఆ శ్లోకం ఇరవై ఏళ్ళకు పైగా చెబుతున్నాను. వినేవాళ్ళు దాన్ని ఇలా అర్థం చేసుకోవడం ఇది మొదటిసారి కాదు. అప్పు తీర్చే ప్రయత్నం మానేసినవాళ్ళున్నారు. పరీక్షకు చదవడం ఆపేసిన పిల్లలున్నారు. అత్తింట్లో దెబ్బలు తింటూ "నేను శరణాగతి చేశాను, ఆయనే చూసుకుంటాడు" అని ఎవరికీ చెప్పుకోకుండా ఉండిపోయిన అమ్మాయి ఉంది. వీళ్ళంతా భక్తులే, అబద్ధం చెప్పేవాళ్ళు కారు. అందుకే ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనుకున్నాను.

అపోహ: శరణాగతి చేసినవాడు ప్రయత్నం మానేయాలి.

వాస్తవానికి గీత మొదలైందే ఈ అపోహతో. రెండో అధ్యాయం 7వ శ్లోకం తీయండి. "శిష్యస్తేఽహం శాధి మాం త్వాం ప్రపన్నమ్" అంటాడు అర్జునుడు. నేను నీకు ప్రపన్నుణ్ణి, అంటే నిన్ను శరణు పొందినవాణ్ణి, నన్ను శాసించు అని. అంటే శరణు మాట అక్కడే అనేశాడు. ఇప్పుడు 9వ శ్లోకం చూడండి. "న యోత్స్యే", యుద్ధం చేయను అని చెప్పి మౌనంగా కూర్చున్నాడు. శరణన్న నోటితోనే, రెండు శ్లోకాలు తిరక్కుండానే, పని చేయనన్నాడు. మన షుగర్ పెద్దాయన చేసింది సరిగ్గా ఇదే. 10వ శ్లోకంలో కృష్ణుడు నవ్వుతున్నట్టుగా మాట్లాడటం మొదలుపెడతాడు. శరణన్నావు కదా, ఇక రథం దిగి కూర్చో, నేను చూసుకుంటాను అని ఆయన అనలేదు. పద్దెనిమిదో అధ్యాయం దాకా ఓపికగా చెప్పాడు. చివరికి 73వ శ్లోకంలో అర్జునుడి నోట ఏం వచ్చింది? "నష్టో మోహః", నా మోహం పోయింది. "కరిష్యే వచనం తవ", నువ్వు చెప్పినట్టు చేస్తాను. మోహం పోయినవాడు అన్న మాట "చేస్తాను". మోహంలో ఉన్నప్పుడు అన్న మాట "చేయను". ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని రోజూ చూసుకోమని నా తరగతికి వచ్చేవాళ్ళందరికీ చెబుతుంటాను.

"మరి సర్వధర్మాన్ పరిత్యజ్య అన్నాడు కదా" అని వెంటనే అడుగుతారు. అన్నాడు, అన్ని ధర్మాలనూ విడిచి నన్నొక్కణ్ణే శరణు పొందు అని, 18వ అధ్యాయం 66వ శ్లోకంలో. దాన్నే చరమ శ్లోకం అంటారు. అదే అధ్యాయం 7వ శ్లోకంలో, చేయవలసిన కర్మను విడిచిపెట్టడం తగదని, మోహంతో అలా విడిచిపెడితే అది తామస త్యాగమని కూడా ఆయనే అన్నాడు. ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలేస్తే ఎలా? భాష్యకారుల మధ్య తేడా ఉన్న మాట నిజమే. శంకరులు ఆ చరమ శ్లోకంలో సర్వకర్మ సన్న్యాసాన్ని చూశారు. రామానుజులు కర్మ వదలక్కర్లేదని, దాని ఫలాన్నీ నేనే కర్తనన్న భావాన్నీ వదలమని చెప్పారు. అయితే చిత్తశుద్ధి కలిగేదాకా కర్మ చేయాల్సిందేనని శంకరులూ చెప్పారు. మందు మానేయడానికీ బాధ్యత దాటేయడానికీ ఇద్దరిలో ఎవరి దగ్గరా అనుమతి దొరకదు.

శరణాగతికి ఆరు అంగాలు చెబుతారు. మొదటి రెండూ ఆనుకూల్య సంకల్పం, ప్రాతికూల్య వర్జనం. స్వామికి ఇష్టమైనది చేస్తానని సంకల్పించుకోవడం, ఇష్టం కానిది మానడం. ఈ రెండూ మనం చేయాల్సినవే. రక్షిస్తాడన్న విశ్వాసం, నువ్వే రక్షకుడివని వేడుకోవడం, తనను తాను ఆయనకు అప్పగించుకునే ఆత్మనిక్షేపం, నాకు వేరే దిక్కు లేదన్న దీనత అయిన కార్పణ్యం వీటి తోడుగానే ఉంటాయి. మొదటి రెండూ తీసేసి మిగతా నాలుగూ పట్టుకుంటామంటే కుదరదు.

మరి దాటాల్సిన మాయ ఎక్కడుంది? 7వ అధ్యాయం 14వ శ్లోకంలో "మమ మాయా" అంటాడు, అది నాది అని. మూడు గుణాలతో నిండినది, దాటశక్యం కానిది, నన్నే శరణు పొందినవాళ్ళు దాన్ని దాటుతారు అని. మన చేతిలో ఉన్న పనిలో ఆ మాయ లేదు. "ఇది నావల్లే జరుగుతోంది, ఇది నాకు ఇలాగే జరిగి తీరాలి" అనుకోవడంలో ఉంది. ఇన్సులిన్ వేసుకుంటూ కూడా ఆ పట్టు వదలొచ్చు. ఇన్సులిన్ మానేసి కూడా "నేను ఇంత వదిలాను, ఆయన నన్ను కాపాడి తీరాలి" అని అదే పట్టు ఇంకా బిగించుకోవచ్చు.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు తెలిసింది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని, లేకపోతే వీపున పుళ్ళు పడతాయని డాక్టరు చెప్పారు. నేను మాత్రం మంచం పక్కన కూర్చుని విష్ణు సహస్రనామం చదువుతూ ఉండేవాణ్ణి. తిప్పడం, తుడవడం అన్నీ అక్కే చేసేది. నేను చేస్తున్నదే శరణాగతి అని లోపల గట్టి నమ్మకం. ఒకరోజు అమ్మ మాట ముద్దగా వస్తున్నా నన్ను పిలిచి, "నాయనా, ముందు నన్ను ఆ పక్కకు తిప్పరా, తర్వాత చదువుదువు గాని" అంది. పుస్తకం పక్కన పెట్టి తిప్పాను. వీపు ఎర్రగా కందిపోయి ఉంది. ఆ రోజు నుంచి తిప్పేటప్పుడే నామాలు చెప్పుకున్నాను. 8వ అధ్యాయంలో "మామనుస్మర యుధ్య చ" అంటాడే, నన్ను స్మరించు, యుద్ధమూ చెయ్యి అని, ఆ చివరి "చ" అనే అక్షరం అంతవరకూ నాకు పట్టలేదు.

ఇంకొందరు గజేంద్రుణ్ణి తెస్తారు. పోరాడినన్నాళ్ళూ ఓడాడు, పోరాటం ఆపగానే స్వామి వచ్చాడు, కాబట్టి ఆపడమే మార్గం అని. ఆ కథ చదివినవాళ్ళు అలా అనరు. వెయ్యేళ్ళు పెనుగులాడాడు. "లావొక్కింతయు లేదు" అన్నది బలమంతా అయిపోయాక వచ్చిన మాట, బద్ధకంతో అన్నది కాదు. సంస్కృత భాగవతంలో ఇంకో చిన్న వివరం ఉంది. స్వామి ఆకాశంలో కనిపించగానే ఆ ఏనుగు అంత నొప్పిలోనూ ఒక తామర పువ్వును తొండంతో పైకెత్తి నమస్కరించింది. మిగిలిన ఆ కాస్త ఓపికా దానికే పెట్టింది. విభీషణుణ్ణి చూడండి. శరణు దొరికిన తర్వాత ఆయనకు పని పెరిగింది. రావణుడి బలం ఎంతో చెప్పాడు, సముద్రుణ్ణి ప్రార్థించమని సలహా ఇచ్చాడు, ఇంద్రజిత్తు హోమం చేసే నికుంభిలకు లక్ష్మణుణ్ణి దగ్గరుండి తీసుకెళ్ళాడు.

ఇక రెండో అపోహ. ఇది మనసును కోసేస్తుంది. కష్టం వచ్చిందంటే నా శరణాగతిలో లోపం ఉన్నట్టే అనుకోవడం. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి నన్ను అడిగింది, "నేను సరిగ్గా నమ్మలేదా అండీ?" అని. ఎవరో బంధువు ఆమెతో అలా అన్నారట. అలాంటి మాట అనేవాళ్ళ మీద నాకు ఏ ఓపికా లేదు. మాయను దాటిస్తానన్నాడు గాని, ఒంటికి జబ్బు రాదని, ఇంట్లో చావు ఉండదని ఆయన ఎక్కడా అనలేదు. అర్జునుడికి అంత గీత చెప్పినవాడు పక్కనే ఉండగా అభిమన్యుడు పోయాడు. అర్జునుడి శరణాగతిలో లోపం ఉందని అంటామా?

ఏడవకూడదు, అనుమానం రాకూడదు అనేదీ దీని తోకే. "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని పోతన గజేంద్రుడి చేత అనిపించాడు. మొర పెట్టుకుంటూనే ఉన్నాడో లేడో అన్నాడు, అయినా స్వామి వచ్చాడు. గోల్కొండ చెరలో రామదాసు "ఎవడబ్బ సొమ్మని" అని రాముణ్ణి నిలదీశాడు. ఆ కీర్తనలోనే, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోవద్దు అని వేడుకున్నాడు. "అంతర్యామి అలసితి సొలసితి" అన్న అన్నమయ్య అలసటను దాచుకోలేదు. మీకు కోపం వస్తే ఆయన మీదే కోప్పడండి. అదీ ఆయనకు చెప్పుకోవడమే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

భార్యాబిడ్డలే మాయ అంటారు. కాదు. వాళ్ళు నా సొత్తు అనుకోవడం మాయ. ఇంట్లోవాళ్ళను మాయ అని పిలుస్తూ, వాళ్ళు వండింది తింటూ, వాళ్ళతో మాట్లాడకుండా ఉండటం ఏ సంప్రదాయంలోనూ సాధన కాదు.

మాయ అంటే ఏదీ లేదని అర్థమట. శంకరుల అద్వైతం కూడా వ్యవహారంలో జగత్తును కాదనదు. రామానుజుల విశిష్టాద్వైతంలో జగత్తు సత్యమే.

పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది కాబట్టి మనమేమీ చేయక్కర్లేదని మార్జాల కిశోర న్యాయం చెబుతారు. ఆ న్యాయం చెప్పిన పెద్దలే జీవితమంతా కైంకర్యం, అంటే స్వామి సేవ, చేశారు. మోక్షానికి ఉపాయంగా కాదు, ప్రేమతో.

ఈ నామం పదకొండు మందికి పంపితే మాయ తొలగుతుందని ఫోన్లో వచ్చే మెసేజులకు ఏ శాస్త్రమూ ఆధారం కాదు. పంపకపోతే కీడు జరుగుతుందని భయపడి నాకు ఫోన్ చేస్తున్నారు. తీసేయండి, ఏమీ జరగదు.

గురువుకు శరణాగతి అంటే ఆస్తి కాగితాలు ఇవ్వడమని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. సంతకం పెట్టకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

రోజూ చేయకపోతే శరణాగతి చెల్లదన్నది ఇంకో బెంగ. "సకృదేవ ప్రపన్నాయ" అని రాముడు అన్నాడు, ఒక్కసారి శరణని, నీవాణ్ణి అని అడిగినవాడికి అభయమిస్తాను, ఇది నా వ్రతం అని. రోజూ మనం చెప్పుకునేది మనకు గుర్తుండటానికి. ఉచ్చారణ తప్పిందని, ఒకపూట మరిచామని టెన్షన్ పడకండి.

చివరగా, తరగతి అయ్యాక ఆడపిల్లలు పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. "ఆ మూడు రోజులూ శరణు అనొచ్చా అండీ?" కిందటి వారం కూడా ఒక అమ్మాయి అడిగింది. ఇంట్లో తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు, ఈమె మూడు రోజులు దేవుణ్ణి తలచుకోవడానికే భయపడింది. సభలోకి ఈడ్చుకొచ్చిన నాడు ద్రౌపది రజస్వల, ఒంటి మీద ఒక్కటే వస్త్రం. కృష్ణా అని పిలిచింది ఆ స్థితిలోనే. ముందు స్నానం చేసి రా తల్లీ అని ఆయన అనలేదు.