ఇక్కడ వెంట్రుకవాసి, అక్కడ జానెడు

పీణ్య, బెంగళూరు
ఆదివారం

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నమ్మికీ, మీ రైఫిల్ క్లబ్బు స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న డాబా మీద మీ గొడవంతా విన్నాను. రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి, అదే స్కోప్, 30 వేలది చాలంటాడొకడు, ఒకతె 3 లక్షలది లేనిదే దూరం కొట్టలేమంటుంది. మధ్యలో దూరితే ముసలాయనకేం తెలుసంటారని ఊరుకున్నాను. నేను షూటర్‌ని కాను, నిజమే. హెచ్ఎంటీ లేత్ ముందు నలభై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి. కానీ ఒక స్కోప్‌ని నట్టు నట్టూ విప్పి చూసినవాణ్ణి కూడా.

ఆ కథ చెబుతాను. హిందూపురం దగ్గర మా తమ్ముడి తోటలో స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్ ఉండేది. దానికి చవకలో ఒక స్కోప్ కొని బిగించాను. మొదటి నెల డబ్బా మూత ఎక్కడ పెడితే అక్కడ తగిలింది. తర్వాత కుడికి పోయేది. సరిచేస్తే ఎడమకి. నా చెయ్యి వణుకుతోందేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, నవ్వకండి. చివరికి స్కోప్‌ని షాపుకి తెచ్చి బెంచి మీద విప్పాను. తప్పు నాది కూడా ఉంది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ వెనక్కీ తన్నుతుంది, వెంటనే ముందుకీ తన్నుతుంది. మామూలు రైఫిల్‌కి నిలిచే స్కోప్ కూడా ఆ రెండో దెబ్బకి ఆగకపోవచ్చు.

లోపల ఏముందంటే, పెద్ద గొట్టంలో ఇంకో చిన్న గొట్టం. మీకు కనిపించే అడ్డగీత, నిలువుగీత ఆ చిన్న గొట్టంలోనే ఉంటాయి. పైన మీరు తిప్పే నాబ్ కింద ఒక స్క్రూ ఉంటుంది, అది ఆ గొట్టాన్ని కిందికి నొక్కుతుంది. ఎదురుగా ఒక స్ప్రింగు పైకి తోస్తూ ఉంటుంది. అంతే యంత్రం. నా స్కోప్‌లో స్ప్రింగు ఒక సన్నటి రేకు ముక్క. స్క్రూ థ్రెడ్‌లో ప్లే, అంటే వదులు, వేలికి తెలుస్తోంది. స్క్రూని వెనక్కి తిప్పితే గొట్టం వెంటనే లేవదు, అప్పుడప్పుడూ లేస్తుంది. లేత్ మీద బ్యాక్‌లాష్, అంటే తిప్పే దిశ మార్చినప్పుడు వదులు వల్ల వచ్చే ఖాళీ, చూసుకోకుండా కోత వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే.

ఇప్పుడు లెక్కకి రండి. బుల్లెట్ 1000 మీటర్ల దూరం పోవడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి. మీ తొమ్మిదో తరగతి సూత్రమే, 4.9ని కాలం వర్గంతో గుణిస్తే 11 మీటర్లు కిందికి పడుతుంది. మూడంతస్తుల ఇంటి ఎత్తు! 100 మీటర్లకి జీరో చేసిన, అంటే గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేసిన, రైఫిల్ అయితే ఆ పతనాన్ని సరిచెయ్యడానికి సుమారు 10 మిల్ తిప్పాలి. ఒక మిల్ అంటే 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు. నాబ్ తిప్పుతుంటే టిక్కుమనే ఒక్కో మెట్టు ఒక క్లిక్కు. క్లిక్కుకి 0.1 మిల్ చొప్పున, 100 క్లిక్కులు.

ముందు లెన్సు నాభ్యంతరం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్కో క్లిక్కుకి లోపల గీత కదిలేది 0.02 మిల్లీమీటరు. 100 క్లిక్కులకి మొత్తం 2 మిల్లీమీటర్లు. అందులో నూటికి రెండు తప్పు వచ్చిందనుకోండి. 0.04 మిల్లీమీటరు, అంటే వెంట్రుక మందం కూడా కాదు. కానీ టార్గెట్ దగ్గర అది 20 సెంటీమీటర్లు, దాదాపు జానెడు. ఇది చదువుతూ మీరు నవ్వచ్చు గానీ, 0.01 కోసం మైక్రోమీటర్ పట్టుకుని జీవితం గడిపిన నాకు ఒళ్ళు జలదరించింది. ష్మిట్ అండ్ బెండర్ లాంటి జర్మన్ కంపెనీల మంచి మోడళ్ళు 3000 డాలర్లు దాటుతాయంటే, ఆ ధరలో కొంత భాగం ఈ స్క్రూకీ, స్ప్రింగుకీ పోతుంది. వంద తిప్పినా వెయ్యి తిప్పినా, ఎన్ని దెబ్బలు తిన్నా, జీరోకి తెస్తే జీరోకే రావాలి.

అద్దాల సంగతీ ఉంది. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగుని వెనక్కి కొట్టేస్తుంది. 10 లెన్సులుంటే 20 ముఖాలు. అన్నీ దాటి కంటికి చేరేది 44 శాతమే! 1935లో జైస్ కంపెనీలో స్మకులా అనే ఆయన గాజు మీద పల్చటి పూత వేసి ఈ నష్టాన్ని తగ్గించాడు. ముఖానికి అర శాతమే పోతే 90 శాతం వెలుగు వస్తుంది. ఇప్పుడు చవక స్కోపులకీ ఆ పూతలున్నాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం రెండిటికీ పెద్ద తేడా కనపడదు. సాయంత్రం చీకటి పడేవేళ, లేదా నల్లటి గురి చుట్టూ ఊదారంగు అంచు కనిపించేటప్పుడు ఖరీదైన గాజు తన విలువ చెబుతుంది.

చిన్నమ్మీ, నువ్వు 24 రెట్లు, 24 రెట్లు అని ఊగిపోతున్నావు. 50 మిల్లీమీటర్ల లెన్సుని 24తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు చుక్క 2 మిల్లీమీటర్లు. అదే 10 రెట్ల దగ్గర 5. చుక్క చిన్నదైతే చీకటివేళ బొమ్మ మసకబారుతుంది. పైగా ఎండ కాస్తే నేల మీది వేడిగాలి ఊగుతుంది, ఆ ఊపునీ 24 రెట్లు చేసి చూపిస్తుంది. దానికి మూడు లక్షలదైనా ఏమీ చెయ్యలేదు.

నన్నడిగితే, మీరు 50, 100 మీటర్లలో నేర్చుకుంటున్నంత కాలం 30 వేలది చాలు. అక్కడ ఒకసారి జీరో చేసి వదిలేస్తారు, నాబ్ తిప్పే పనే లేదు. నాబ్ తిప్పడమే ఆటగా మారిన రోజున మళ్ళీ మాట్లాడదాం. మిగిలిన డబ్బు గుండ్లకి పెట్టండి. ఒలింపిక్స్ 10 మీటర్ల రైఫిల్‌లో స్కోప్ వాడనివ్వరు, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది చిన్న చిల్లులోంచి చూసే. ఆ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు.

ఇంకొకటి. డాబా మీంచి మెట్రో రైలు చూడాలంటే బైనాక్యులర్ ఉంది. రైఫిల్ ఎత్తి స్కోప్‌లోంచి మనుషులున్న వైపు చూశారని తెలిస్తే మీ కోచ్ కంటే ముందు నేనే చెవి మెలిపెడతాను.

కొనేదేదైనా కాల్చకుండానే పరీక్షించొచ్చు. క్లబ్బులో కోచ్ ఎదురుగా బోల్ట్ తీయించి రైఫిల్‌ని కదలకుండా బిగించండి. 100 మీటర్ల దూరంలో అట్టకి తాడుతో బరువు వేలాడదీసి, నిలువుగా సరిగ్గా ఒక మీటరు గీత గీసి, పైనా కిందా చివర్లలో గుర్తులు పెట్టండి. గీతలు కలిసే చోటుని పై గుర్తు మీద పెట్టి, పైకి 100 క్లిక్కులు తిప్పండి. గురి కిందికి దిగుతుంది, కంగారు పడకండి. దిగిన గురిని మళ్ళీ టార్గెట్ మీదికి ఎత్తితేనే కదా తుపాకీ మూతి లేచేది. కింది గుర్తు దగ్గర సరిగ్గా ఆగాలి. 2 సెంటీమీటర్లు ముందే ఆగితే అదే నేను చెప్పిన నూటికి రెండు. మళ్ళీ వెనక్కి తిప్పి పైకి తెండి. ఇరవైసార్లు చెయ్యండి, ఒకటి రెండుసార్లు చేసి మురిసిపోకండి.

దూరాన్ని మాత్రం అడుగులేసి కొలవకండి. 100 బదులు 98 అయితే ఆ తప్పు పాపం స్కోప్ మీద పడుతుంది. నా దగ్గర 30 మీటర్ల స్టీల్ టేపు ఉంది, శనివారం వచ్చి పట్టుకెళ్ళండి.

మీ తాతయ్య