పొట్టనొప్పి ఆయాసంగా మారినప్పుడు

పైపొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పితో ఆసుపత్రిలో చేరిన మనిషికి ఒకటి రెండు రోజుల్లోనే ఆయాసం వస్తే, ఇంటివారు దాన్ని వేరే జబ్బుగా భావించి కంగారుపడతారు. చాలాసార్లు అది వేరే జబ్బు కాదు; క్లోమానికి వచ్చిన వాపు, అంటే ప్యాంక్రియాటైటిస్, ఊపిరితిత్తుల దాకా వెళ్లిందని అర్థం.

క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే, సుమారు 15 సెంటీమీటర్ల గ్రంథి. ఇది తయారుచేసే ట్రిప్సినోజెన్ అనే పదార్థం మామూలుగా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి చేరాకే ట్రిప్సిన్‌గా మారి మాంసకృత్తులను జీర్ణం చేస్తుంది. పిత్తాశయం నుంచి జారిన రాయి క్లోమరసం వెళ్లే దారికి అడ్డుపడినా, మద్యం కణాలను దెబ్బతీసినా ఆ మార్పు గ్రంథిలోనే జరిగిపోవచ్చు. ఇలా క్లోమం తనను తానే జీర్ణం చేసుకుంటుందని హాన్స్ కియారీ అనే వ్యాధినిర్ధారణ శాస్త్రవేత్త 1896లోనే ప్రతిపాదించాడు.

నొప్పి వల్ల రోగి నిండుగా ఊపిరి తీసుకోలేడు, ఉబ్బిన పొట్ట ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరను, అంటే ఉదరవితానాన్ని, పైకి నెడుతుంది, క్లోమం చుట్టూ ఊరిన ద్రవం ఛాతీలోకి, ఎక్కువగా ఎడమవైపుకు, చేరుతుంది. ఇవన్నీ ఇరుగుపొరుగు అవయవాల మధ్య జరిగేవే. అసలు ప్రమాదం రక్తం ద్వారా వస్తుంది. వాపును రగిలించే రసాయనాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీయడంతో, వాటిలోంచి ద్రవం గాలి నిండవలసిన వాయుగోణుల్లోకి కారుతుంది. ఆ గోణులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పొరను ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. ఈ స్థితినే వైద్యులు ఏఆర్‌డీఎస్ అంటారు. ఇది ముదిరితే వెంటిలేటర్ తప్పదు. అందుకే పొట్టజబ్బుతో చేరిన మనిషి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు ఎందుకు తగిలించారని ఎవరూ ఆశ్చర్యపోనక్కరలేదు. ప్యాంక్రియాటైటిస్ తీవ్రతను నిర్ణయించడానికి వైద్యులు వాడే, 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం ఊపిరితిత్తులు, గుండె-రక్తప్రసరణ, మూత్రపిండాలలో ఏ ఒక్కదాని వైఫల్యమైనా 48 గంటలు దాటి కొనసాగితే జబ్బును తీవ్రమైనదిగా లెక్కిస్తారు. రక్తపరీక్షలో అమైలేజ్ అనే క్లోమపు ఎంజైము అంకె ఎంత పెద్దదన్నది ఆ లెక్కలోకి రాదు, రోగి బంధువులు ఎక్కువగా అడిగేది మాత్రం దాని గురించే.

పక్కనున్న అవయవాలకూ ముప్పు ఉంటుంది. క్లోమం తలభాగం ఉబ్బితే పైత్యరస వాహిక నొక్కుకుపోయి కామెర్లు రావచ్చు, ఆంత్రమూలం ఇరుకై వాంతులు ఆగకపోవచ్చు. ప్లీహం నుంచి వచ్చే సిర క్లోమాన్ని ఆనుకునే వెనకగా సాగుతుంది కాబట్టి, వాపు వల్ల అందులో రక్తం గడ్డకడితే, దారి మూసుకుపోయిన రక్తం జీర్ణాశయపు సిరల మీదుగా మళ్లి వాటిని ఉబ్బిస్తుంది. నొప్పి పూర్తిగా తగ్గిన ఎన్నో నెలల తరువాత కూడా ఆ సిరలు చిట్లి రక్తపు వాంతి కావచ్చు. అప్పుడు పాత ప్యాంక్రియాటైటిస్ సంగతి వైద్యుడికి చెప్పడం చాలా అవసరం.