రూట్ కెనాల్ తర్వాత వేసే పిన్ను: అపోహలు – వాస్తవాలు

కిందటి నెలలో నరసాపురం దగ్గరి పల్లె నుంచి లేసు అల్లే ఒక పెద్దావిడ వచ్చి, కొంగు ముడి విప్పి, కుంకుమ భరిణె ఒకటి నా బల్ల మీద పెట్టారు. మూత తీస్తే దూది మీద ఆవిడ పై ముందుపంటి క్యాపు, దాని అడుగున తోకలా పిన్ను. "ఏడాది కూడా కాలేదు డాక్టరమ్మా. పంటికి బలమని పిన్ను వేయించుకున్నాను. ఆ సిమెంటే మంచిది కాదేమో, అన్నం తింటూ ఉంటే ఊడి చేతిలోకి వచ్చింది" అన్నారు. అంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడారు. గురువారం కూతురికి పెళ్లిచూపులు.

ఆవిడ అన్న రెండు మాటల్లో రెండు అపోహలు ఉన్నాయి. పిన్ను పంటికి బలమని ఒకటి, ఊడితే తప్పు సిమెంటుదని రెండోది. పాలకొల్లులో పళ్లు చూస్తున్న ఇన్నేళ్లలో ఈ రెండూ వినని వారం లేదు. మొదటిదానివల్ల మనుషులు నిలబడాల్సిన పళ్లు పోగొట్టుకుంటున్నారు కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: రూట్ కెనాల్ చేసిన పన్ను పెళుసైపోతుంది, పిన్ను వేస్తే గట్టిపడుతుంది.

గట్టిపడదు. మీరు పిన్ను అనేదాన్నే మేం పోస్టు అంటాం, అది పంటికి బలం ఇవ్వదు. పైన పన్ను విరిగిపోయి, క్యాపు కింద కట్టే దిమ్మెకు, అంటే కోర్‌కు పట్టు దొరకనప్పుడు ఆ కోర్‌ను వేరుకు పట్టి ఉంచడమే దాని పని. అంతకు మించి దాని నుంచి ఏమీ ఆశించకూడదు. పైగా ఆ పోస్టు దిగడానికి వేరు లోపల దారి వెడల్పు చేయాలి, అంటే మంచి డెంటిన్‌ను, పంటి లోపలి గట్టి పదార్థాన్ని అరగదీయాలి. పన్ను సొంత బలాన్ని తీసేసి ఆ చోట పుల్లను నిలబెడుతున్నాం. అవసరం ఉన్నప్పుడు ఆ బేరం తప్పదు. అవసరం లేని పంటికి చేస్తే నష్టం తప్ప మరొకటి లేదు.

నరం తీసినందువల్ల పన్ను ఎండుకట్టె అయిపోతుందన్న మాట కూడా నిలవదు. పన్ను బలహీనపడేది పుచ్చు తిన్నచోట, మేం తవ్వినచోట. 1989లో అచ్చయిన ఒక ప్రయోగంలో, తీసిన ప్రీమోలార్ (కోరపంటికి, దవడ పళ్లకు మధ్య ఉండే) పళ్ల మీద కొలిచి చూశారు. రూట్ కెనాల్ కోసం పైన రంధ్రం చేసి లోపల శుభ్రం చేస్తే పంటి దృఢత్వం 5 శాతమే తగ్గింది. ముందు వెనక అంచులు రెండూ పోయేలా గుంత తవ్విన పళ్లలో 63 శాతం తగ్గింది. పన్నును నిలబెట్టేది మిగిలిన గోడలే. వాటిని కాపాడుకోవడం వదిలేసి పిన్ను అడగడం వల్ల లాభం లేదు.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక ఉపాధ్యాయుడు కింది ప్రీమోలార్‌కు పిన్ను వేయించుకోవడానికి వచ్చారు. "ఖర్చుకు వెనకాడను, కాస్త లావుది వేయండమ్మా" అన్నారు. వేశాను. స్క్రూలా మర తిరిగే లోహపు పోస్టు, చక్కగా బిగిసింది, ఆయనా నేనూ సంతోషించాం. రెండేళ్లు తిరగకుండా చిగురు మీద చీము పొక్కుతో వచ్చారు. చిగురు లోతు కొలిచే ప్రోబ్ పెట్టి చూస్తే పంటి చుట్టూ మామూలుగానే ఉంది, ఒక్కచోట మాత్రం సన్నగా, లోతుగా సర్రున దిగిపోయింది. పన్ను తీసి కడిగి చూశాను. వేరు మీద పైనుంచి కిందికి వెంట్రుక మందాన నల్లటి గీత. నిలువునా చీలిన వేరును అతికించే మందు ఇప్పటికీ లేదు. ఆ పన్ను పోవడానికి కారణం ఆ పోస్టు లావు, ఆ లావు కోసం నేను తవ్విన దారి. అప్పటి నుంచి పోస్టు మందం వేరు మందంలో మూడో వంతు దాటకుండా, చుట్టూ కనీసం ఒక మిల్లీమీటరు డెంటిన్ మిగిలేలా చూసుకుంటున్నాను. ఎవరు లావుది అడిగినా వేయను.

మరి బలం ఎక్కడ నుంచి వస్తుంది? ఫెరూల్ నుంచి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా బిగిస్తే చెక్క విచ్చుకోదు చూడండి, క్యాపు అంచు పంటిని చుట్టూ అలా పట్టుకోవాలి. పట్టుకోవడానికి చిగురు పైన గట్టి పన్ను ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు చుట్టూ మిగిలి ఉండాలి. ఆ రెండు మిల్లీమీటర్లు ఉంటే మామూలు పోస్టు కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. అవి లేకపోతే ఎంత ఖరీదైన పోస్టు వేసినా నమలేటప్పుడు పడే బరువంతా పిన్ను మీదకు, అక్కడి నుంచి వేరు మీదకు పోతుంది.

దవడ పళ్లలో చాలావాటికి పోస్టు అవసరమే రాదు. లోపల నరం ఉండే పల్ప్ గది వెడల్పుగా ఉంటుంది, కోర్ అక్కడే పట్టు దొరకబుచ్చుకుంటుంది. "పక్కింటావిడకు వేశారు, నాకెందుకు వేయలేదు?" అని అడిగేవాళ్లకు నేను ఎక్స్‌రే చూపించి చెప్పేది ఇదే. వేయలేదంటే మీ పన్ను ఇంకా తన కాళ్ల మీద నిలబడగలదని.

ఆ రెండు మిల్లీమీటర్లూ ఎక్కువగా పోయేది ఎదురుచూపుల్లో. నరం తీయగానే నొప్పి పోతుంది. "దాళ్వా కోతలయ్యాక వస్తాం", "చెరువు పట్టుబడి అయ్యాక క్యాపు వేయించుకుంటాం" అని వెళ్లిపోతారు. కువైట్ నుంచి నెల సెలవు మీద వచ్చినవాళ్లు తాత్కాలిక ఫిల్లింగుతోనే విమానం ఎక్కేసి, రెండేళ్ల తర్వాత చిగురుకు సమంగా విరిగిన పంటితో వస్తారు. తాత్కాలిక ఫిల్లింగు కొద్ది వారాల కోసమే. అది అరిగితే ఉమ్మి లోపలికి దిగుతుంది. 1990లో ప్రయోగశాలలో చేసిన ఒక పరీక్షలో, పైన మూత లేని రూట్ కెనాల్ వేర్లలో సగానికి పైగా 19 రోజుల్లో బాక్టీరియా అడుగుదాకా చేరింది.

డబ్బు ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పంట అమ్మితే తప్ప చేతిలో రూపాయి ఆడని ఇళ్ల మధ్యే ఉంటున్నాను. క్యాపు వెంటనే వద్దనుకుంటే పరవాలేదు, కానీ కోర్ మాత్రం వెంటనే కట్టించుకోండి. వేర్లలోని కాలువల నోళ్లు మూసి, పంటికి అంటుకుని ఉండే (బాండింగ్ అయిన) గట్టి ఫిల్లింగు పెట్టమని మీ డాక్టరును అడగండి. దానికి అయ్యే ఖర్చు క్యాపు ఖర్చులో కొంతే. ఆ ఒక్కటి చేస్తే క్యాపు వేయించుకునే దాకా పన్ను నిలబడే అవకాశం చాలా పెరుగుతుంది.

అపోహ: పిన్ను ఊడిందంటే సిమెంటు నాసిరకం.

భరిణెలో వచ్చిన పిన్నును లూప్స్, అంటే పెద్దగా చూపించే కళ్లజోడు పెట్టుకుని చూశాను. సిమెంటు అంతా పిన్నుకే ఉంది, కుదురుగా, నునుపుగా, చెక్కు చెదరకుండా. దాని పైపొర మీద అక్కడక్కడా గులాబి రంగు మరక. వేరు లోపల వెలుతురు వేసి చూస్తే ఒకవైపు గోడ మీద అదే గులాబి రంగు, పలచగా పులిమినట్టు. అది గట్టాపర్చా, రూట్ కెనాల్‌లో వేరు నింపే రబ్బరు లాంటి పదార్థం. సిమెంటు తన పని తాను చేసింది, పిన్నును వదల్లేదు. అంటుకోవడానికి దానికి గోడే దొరకలేదు. పాకుడు పట్టిన గోడను గోకకుండా సున్నం వేస్తే మొదటి వానకే పెచ్చులు లేస్తుంది. అది సున్నం తప్పు కాదు.

ఈ గోడను సిద్ధం చేయడమే పోస్టు పనిలో అసలు పని. బయటికి కనిపించేది చివర్లో పోస్టు పెట్టే రెండు నిమిషాలే. ముందు వేరు కొనలో నాలుగైదు మిల్లీమీటర్ల గట్టాపర్చాను కదపకుండా వదలాలి, కొన నుంచి సూక్ష్మక్రిములు రాకుండా కాసేది అదే. ఆ పైదాన్ని వేడి ప్లగర్ అనే పుల్లతో తీసి, తర్వాతే దారి వెడల్పు చేసే రీమర్ దింపాలి. పైదవడ మొదటి ప్రీమోలార్ వేరు ముందువైపు నొక్కుకుపోయి ఉంటుంది, అక్కడ చెయ్యి కాస్త బలంగా పడితే వేరు పక్కకు చిల్లు పడుతుంది. రీమర్ తిరిగేటప్పుడు పుట్టే వేడికి గట్టాపర్చా, దాన్ని వేరుకు అతికించే సీలర్, డెంటిన్ పొడి కలిసి ముద్దయి గోడకు మెత్తుకుంటాయి. ఎక్స్‌రేలో గట్టాపర్చా తెల్లగా, ఖాళీ దారి నల్లగా స్పష్టంగానే కనిపిస్తాయి. గోడ మీది ఆ పలచటి పూత మాత్రం ఎక్స్‌రేకు దొరకదు. కళ్లతో చూడాలి, మైక్రోస్కోపు ఉంటే ఇంకా మంచిది.

ఆ పూతలోని డెంటిన్ పొడి వదలడానికి 17 శాతం ఇ.డి.టి.ఎ. అనే ద్రావణం ఒక నిమిషం పాటు ఉంచి కడుగుతాం. ఇక్కడ చాలామంది చివర్లో క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణంతో ఇంకోసారి కడిగితే ఇంకా శుభ్రమని అనుకుంటారు. క్రిముల విషయంలో అది నిజమే, అంటించే విషయంలో నిజం కాదు. హైపోక్లోరైట్ డెంటిన్‌లో ఆక్సిజన్ వదిలి వెళుతుంది, ఆక్సిజన్ ఉన్నచోట పోస్టును అంటించే రెజిన్ సిమెంటు సరిగ్గా గట్టిపడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనూ ఇదే ఇబ్బంది. అందుకే ఆఖరి కడుగు సెలైన్‌తోనో శుభ్రమైన నీటితోనో ఉండాలి. యూజెనాల్ ఉన్న సీలర్ వాడిన పంటిలోనూ రెజిన్ గట్టిపడక సతాయిస్తుంది. లవంగ నూనె వాసన వచ్చే పాత సీలర్లు అవే. పోస్టు పడే పంటి రూట్ కెనాల్‌కు అది లేని సీలర్ వాడితే ఆ బెడద ఉండదు.

తర్వాత పేపర్ పాయింట్లు, అంటే తడి పీల్చే సన్నటి కాగితపు పుల్లలు. నేను ఒకటి తర్వాత ఒకటి దింపి వెలుతురులో పట్టుకుని చూస్తాను. గులాబి రంగు మరక కనిపిస్తే మళ్లీ మొదటికి వెళతాను. తడి తుడవాలి గానీ గాలి కొట్టి డెంటిన్‌ను బొత్తిగా ఎండగట్టకూడదు. ఎచింగ్, అంటే ఆమ్లంతో గోడను గరుకు చేసే పద్ధతయితే డెంటిన్‌కు 15 సెకన్లు చాలు. తనంతట తానే అంటుకునే సెల్ఫ్ అడ్హెసివ్ సిమెంటయితే ఫాస్ఫారిక్ ఆమ్లం జోలికే వెళ్లకూడదు. సన్నటి కొన ఉన్న గొట్టంతో సిమెంటును అడుగు నుంచి పైకి నింపుకుంటూ రావాలి, లేకపోతే అడుగున గాలి బుడగ చిక్కుతుంది. పైనుంచి వేసే వెలుతురు వేరు లోతుకు చేరదు, కాబట్టి తనంతట తానుగా కూడా గట్టిపడే డ్యూయల్ క్యూర్ సిమెంటే వాడాలి. ఇంత చేసి పంటిని ఉమ్మికి దూరంగా ఉంచే రబ్బర్ డ్యామ్ తెర కట్టకపోతే, ఒక్క చుక్క ఉమ్మితో చేసిందంతా వృథా. మా గోదావరి గడ్డ మీద వానాకాలం గాలే చెమ్మగా ఉంటుంది, నోట్లో ఊపిరి తడి దానికి తోడు.

కుర్చీలో ఉన్నవాళ్లకు ఇదంతా కనిపించదు. "గంటసేపు కూర్చోబెట్టారు, చివరికి ఒక పుల్ల పెట్టారు" అని బాధపడతారు. ఆ గంట మీ గోడ కోసమే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇనుములా ఉంటేనే గట్టిదన్నది తప్పు: వంగకుండా నిలిచే గుణం స్టీలులో సుమారు 200 గిగాపాస్కల్స్, డెంటిన్‌లో సుమారు 18, ఫైబర్ పోస్టుది డెంటిన్‌కు చాలా దగ్గర. లోహపు పోస్టు తాను వంగక వేరును చీల్చవచ్చు. ఫైబర్ పోస్టు ఎక్కువగా ఊడుతుంది, ఊడితే మళ్లీ పెట్టుకోవచ్చు. పిన్ను వేసేటప్పుడు ప్రాణం పోతుందంటారు, నరం లేని వేరులో నొప్పి ఉండదు, చిగురు కోసం కాస్త మత్తు ఇస్తాం, అంతే. పై పన్ను ముట్టుకుంటే చూపు పోతుందన్నది మా అమ్మమ్మ కాలం నుంచి ఉంది. చూపు నరం వేరు, పంటి నరం వేరు, వాటికి సంబంధం లేదు. రూట్ కెనాల్ పన్ను ఉంటే క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరిగే వీడియోకు ఆధారం లేదు. దాన్ని నమ్మి మంచి పళ్లు పీకించుకున్నవాళ్లను చూశాను, ఆ వీడియో పంపినవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

పిన్ను ఊడితే పన్ను పోయినట్టు కాదు. కిరాణా కొట్టులో దొరికే జిగురుతో మాత్రం మీరే అంటించుకోకండి. ఆ జిగురును వేరులోంచి తీయడానికి మళ్లీ డెంటిన్ అరగదీయాల్సి వస్తుంది. ఊడినదాన్ని శుభ్రమైన డబ్బాలో పెట్టి, వీలైనంత త్వరగా, వారం దాటకుండా రండి.

లేసు అల్లే ఆవిడ వేరు చీలలేదు. చుట్టూ రెండు మిల్లీమీటర్ల పన్ను గట్టిగా ఉంది, అడుగున గట్టాపర్చా కదల్లేదు. గోడ శుభ్రం చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. నాలుగో పేపర్ పాయింటు తెల్లగా వచ్చింది. కొత్త ఫైబర్ పోస్టు పెట్టి, కోర్ కట్టి, తాత్కాలిక క్యాపు వేసి, దారం పళ్లతో తెంపకుండా కత్తెర వాడమని చెప్పి బుధవారం సాయంత్రం పంపించాను. వెళ్లేటప్పుడు అద్దం అడిగి చూసుకుని, కొంగు దించి నవ్వారు. ఆ పాత పిన్నును అడిగి నా దగ్గరే ఉంచుకున్నాను. సిమెంటు మంచిది కాదేమో అని ఎవరైనా అంటే లూప్స్ చేతికిచ్చి ఆ గులాబి మరక చూపిస్తున్నాను.